బోరు, క్వారీ, థీసిస్: ఏ పనికి ఏ సర్కారు డేటా?

నేల లోపలి సంగతులు చెప్పే కేంద్ర సంస్థలు ఒక్క హైదరాబాద్‌లోనే నాలుగైదు ఉన్నాయి. బండ్లగూడలో జియలాజికల్ సర్వే (జీఎస్‌ఐ) దక్షిణ ప్రాంతీయ కార్యాలయం, ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ), బేగంపేటలో అణు ఖనిజాల సంస్థ ఏఎండీ. కేంద్ర భూగర్భ జల మండలి (సీజీడబ్ల్యూబీ) ప్రాంతీయ కార్యాలయం కూడా ఇక్కడే. వీటికి తోడు రెండు తెలుగు రాష్ట్రాల భూగర్భ జల శాఖలు, గనుల శాఖలు, నాగ్‌పూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ (ఐబీఎం). అందరి దగ్గరా మ్యాపులున్నాయి, చాలావరకు ఉచితం కూడా. చిక్కు ఏమిటంటే ఒకే మండలానికి నాలుగు మ్యాపులు తెరిస్తే నాలుగూ నాలుగు రకాలుగా మాట్లాడతాయి. నిజానికి వాటిలో ఏదీ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు తయారైంది, అంతే. మన ప్రశ్న ఏదో తేల్చుకోకుండా మ్యాపు తెరిస్తేనే గందరగోళం.

ముందు చూడాల్సిన కొలమానాలు

మొదటిది స్కేలు. దీన్ని పట్టించుకోకపోవడం వల్ల జరిగే నష్టమే అన్నిటికంటే ఎక్కువ. 1:50,000 మ్యాపులో 1 మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఒక ఎకరం చేను చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు, అంటే మ్యాపులో 1.3 మిల్లీమీటర్లు. అదే మ్యాపులో భూమి పగులును చూపే గీత అర మిల్లీమీటరు మందం ఉంటే, ఆ గీత ఒక్కటే 25 మీటర్ల వెడల్పు నేలను కప్పేస్తుంది. గీత గీసిన మనిషి ఉపగ్రహ చిత్రం చూసి అటూ ఇటూ ఒక మిల్లీమీటరు తేడాగా గీసినా మీ పగులు పక్క చేనులోకి వెళ్లిపోతుంది. కంప్యూటర్లో ఎంత పెద్దది చేసి చూసినా ఈ లెక్క మారదు. జూమ్ చేస్తే గీత పెద్దదవుతుందే గానీ సమాచారం పెరగదు.

రెండోది లోతు. జియాలజీ మ్యాపు పైన కనిపించే రాయిని చెబుతుంది. బోరుకు కావాల్సింది కింద శిథిల పొర (అరిగి మెత్తబడిన రాయి) ఎంత మందం, దాని అడుగున పగుళ్లు ఎంతవరకు ఉన్నాయి అన్నది.

మూడోది తాజాదనం. రాయి వందేళ్లకూ మారదు కాబట్టి 1990ల నాటి జియాలజీ మ్యాపు వాడుకోవచ్చు. అదే కాలం నాటి నీటిమట్టం చరిత్రకు తప్ప దేనికీ పనికిరాదు.

నాలుగోది చట్టపరమైన విలువ. ఒక మ్యాపు శాస్త్రీయంగా ఎంత గొప్పదైనా లీజు ఫైలులోనో, నీటి అనుమతి దరఖాస్తులోనో చెల్లకపోవచ్చు.

| సంస్థ | ప్రధానంగా ఇచ్చేది | కొలత యూనిట్ | ఎంత తరచుగా | ఎక్కడ తేలిపోతుంది |
|---|---|---|---|---|
| జీఎస్‌ఐ | రాతి మ్యాపులు, రసాయన మ్యాపింగ్, అన్వేషణ నివేదికలు | 1:50,000. రసాయన నమూనాలకు 2×2 కి.మీ. గడి | అరుదుగా | నీటిమట్టం, దిగుబడి |
| సీజీడబ్ల్యూబీ | నీటిమట్టం, నాణ్యత, జలవనరుల అంచనా | పరిశీలన బావి. అంచనాకు మండలం | మట్టం ఏడాదికి 4 సార్లు | ఊరి స్థాయి నిర్ణయాలు |
| రాష్ట్ర భూగర్భ జల శాఖ | పీజోమీటరు (మట్టం కొలవడానికే వేసిన బోరు) రీడింగులు, బోరు పాయింట్ సర్వే | పీజోమీటరు. సర్వే నంబరు | నెలనెలా | దీర్ఘకాల పోలిక |
| ఎన్‌ఆర్‌ఎస్‌సీ | భూగర్భ జల అవకాశాల మ్యాపులు, ఎత్తు డేటా | 1:50,000. ఎత్తుకు 30 మీ. గడి | ఒకసారి తయారైంది | లోతు వివరాలు |
| ఎన్‌జీఆర్‌ఐ | పరిశోధన, భూభౌతిక సర్వేలు | పరిశోధనా క్షేత్రం | పత్రాలు వచ్చినప్పుడు | మీ ఊరు వాళ్ల క్షేత్రంలో లేకపోతే |
| ఐబీఎం | నిల్వలు, ఉత్పత్తి, అమ్మకపు ధరలు | గని, జిల్లా, రాష్ట్రం | నెల, ఏడాది, అయిదేళ్లు | చిన్నతరహా ఖనిజాలు |

జీఎస్‌ఐ: రాయి సంగతికి మొదటి తలుపు

1851లో మొదలైన ఈ సంస్థ మ్యాపులు భూకోశ్ పోర్టల్‌లో దొరుకుతాయి. పేరు నమోదు చేసుకుంటే షేప్‌ఫైళ్లు (మ్యాపు సాఫ్ట్‌వేర్లో తెరుచుకునే ఫైళ్లు) దించుకోవచ్చు. 2023 డిసెంబరులో మొదలైన నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీలో అన్వేషణ డేటా కూడా ఒకచోటికి చేరుతోంది. ఖనిజాల కోసం వెతికేవాళ్లు అక్కడే మొదలుపెట్టడం మేలు.

రాతి మ్యాపు ఖనిజాల వాళ్ల సొత్తని రైతులు, నీటి సలహాదారులు దాన్ని పక్కన పెడతారు. అది పొరపాటు. గ్రానైట్ ప్రాంతంలో డోలరైట్ డైకులు (గ్రానైట్‌లోకి గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి) ఎటు సాగాయో ఈ మ్యాపులో స్పష్టంగా ఉంటుంది. డైకు గట్టిగా, పగుళ్లు లేకుండా ఉంటే నేల కింద కట్టలా అడ్డుపడి, నీరు వచ్చే వైపున మట్టాన్ని నిలబెడుతుంది. దానికి దిగువన వేసిన బోరు ఎండిపోవడం, ఎగువన వేసింది పోయడం ఇందుకే. డైకు అంచు పగిలి ఉంటే మాత్రం ఆ అంచే నీటి దారి. రెండిట్లో ఏది అన్నది మ్యాపు చెప్పదు. డైకు ఉన్నచోట చుట్టుపక్కల బావుల మట్టాలు రెండువైపులా కొలిస్తే తెలిసిపోతుంది.

రసాయన మ్యాపింగ్ డేటా విద్యార్థులకు గని లాంటిది. వాగుల ఒండ్రు నమూనాలను 1×1 కిలోమీటరు గడుల్లో తీసి, నాలుగేసి కలిపి 2×2 కిలోమీటర్లకు ఒకటిగా విశ్లేషిస్తారు. ప్రధాన ఆక్సైడ్లు శాతంలో, స్వల్ప మూలకాలు పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులు), బంగారం పీపీబీలో (వంద కోట్లలో ఎన్ని వంతులు) ఉంటాయి. ఒకే పట్టికలో యూనిట్లు కలిసిపోతే థీసిస్ మొత్తం తలకిందులవుతుంది. పరికరం పట్టగలిగే కనీస స్థాయి కంటే తక్కువ వచ్చిన విలువలను సున్నాగా రాసుకోవద్దు. ఇంకో మాట: వాగు ఒండ్రులో రాగి ఎక్కువ కనిపిస్తే రాగి ఆ చుక్క దగ్గర ఉందని కాదు, ఆ వాగుకు నీరిచ్చే ఎగువ ప్రాంతంలో ఎక్కడో ఉందని. కాబట్టి చుక్కల చుట్టూ వలయాలు గీసే ముందు వాగుల పరీవాహకం గీయాలి.

పాత టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా పటం) మీద గీసిన మ్యాపులు వాడేవాళ్లకు మరో గండం ఉంది. హైదరాబాద్‌కు 56కే/7 లాంటి పాత నంబర్ల షీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ గోళం అనే పాత నమూనాను ఆధారం చేసుకున్నవి. ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్‌-84 అనే వేరే నమూనా వాడుతుంది. మార్పిడి చేయకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. లీజు సరిహద్దు వివాదం పుట్టడానికి ఆ దూరం చాలు.

కేంద్ర మండలి, రాష్ట్ర శాఖ: నీటి విషయంలో ఎవరిని నమ్మాలి?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. సీజీడబ్ల్యూబీ పరిశీలన బావులను ఏడాదికి నాలుగు సార్లు కొలుస్తుంది: జనవరి, వానలకు ముందు, ఆగస్టు, నవంబరు. దశాబ్దాల వరుస దొరకడం దీని బలం. ఇండియా-వ్రిస్ పోర్టల్‌లో ఈ డేటాతో పాటు వర్షపాతం, జలాశయాల మట్టాలు కూడా ఉంటాయి. రాష్ట్ర శాఖలు పీజోమీటర్లను నెలనెలా చదువుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా పీజోమీటర్లకు దానంతట అదే రీడింగు పంపే పరికరాలున్నాయి. ఈ నెల పరిస్థితి తెలియాలంటే రాష్ట్ర శాఖ, ఇరవై ఏళ్ల ధోరణి తెలియాలంటే కేంద్ర మండలి.

రెండింటినీ కలిపి ఒకే గ్రాఫు గీయాలనిపిస్తుంది. అక్కడే దెబ్బ తినేది. కేంద్ర మండలి పాత వరుసల్లో చాలావరకు ఊటబావులు. అవి పై శిథిల పొరలోని నీటిని చూపుతాయి. పీజోమీటర్లు లోతుగా దిగి పగుళ్లలోని మట్టాన్ని చూపుతాయి. 2000 వరకు ఊటబావి, ఆ తర్వాత పీజోమీటరు అని అతికిస్తే గ్రాఫులో హఠాత్తుగా ఒక మెట్టు దిగుతుంది. అది కరువు కాదు, బావి మారింది.

ఇంకా లోతైన చిక్కు ఎండిపోయిన బావులతో. అయిదు బావులున్నాయనుకోండి. పోయిన మే నెలలో మట్టాలు 7, 9, 11, 13, 15 మీటర్లు. సగటు 11. ఈ మేలో అన్నిట్లోనూ ఒక్కో మీటరు పడిపోయింది. మొదటి నాలుగూ 8, 10, 12, 14 అయ్యాయి. అయిదోదాని అడుగు 15 మీటర్ల చిల్లర దగ్గరే ఉండటంతో అది ఎండిపోయింది, రీడింగు గడి ఖాళీ. మిగిలిన నాలుగింటి సగటు మళ్లీ 11. కాగితం మీద మార్పేమీ లేదు, ఊళ్లో మాత్రం నీరు పోయింది. జిల్లా సగటు చూసి నిర్ణయం తీసుకునే ముందు ఈ ఏడాది ఎన్ని బావులు లెక్కలోకి వచ్చాయో, పోయినేడు ఎన్ని వచ్చాయో చూడండి. రెండేళ్లలోనూ రీడింగు ఉన్న బావులనే పోల్చండి. ఖాళీ గడులను విడిగా లెక్కబెట్టి పక్కన రాయండి. ఆ లెక్కే ఒక సమాచారం.

మండలాల వర్గీకరణ కూడా చాలామంది తప్పుగా చదివేదే. ఏటా జరిగే రీఛార్జిలో (నేలలోకి ఇంకే నీటిలో) వాడుకోదగినదానిలో ఎంత తోడుతున్నారన్న నిష్పత్తి 70 శాతం వరకు ఉంటే సురక్షితం, 70–90 పాక్షిక సంక్లిష్టం, 90–100 సంక్లిష్టం, 100 దాటితే అతివినియోగం. ఇది మండలం మొత్తానికి సగటు. చెరువు కింది ఊళ్లూ మిట్ట మీది తండాలూ ఒకే లెక్కలో కలిసిపోతాయి. పైగా ఇది ఏటా నిండే నీటి లెక్క. మీ బోరులో నీళ్లు పడతాయా అన్న ప్రశ్నకు దీనికీ సంబంధం తక్కువ. అతివినియోగ మండలంలో నిండుగా పోసే బోర్లుంటాయి, సురక్షిత మండలంలో ధూళి తప్ప రాని బోర్లూ ఉంటాయి.

పాత నివేదికలు వెతికేటప్పుడు జిల్లా పేరుతో జాగ్రత్త. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ప్రాంతాల పాత ఫ్లోరైడ్ డేటా నల్లగొండ పేరుతోనే ఉంటుంది. జిల్లాతో కాకుండా మండలం, అక్షాంశ రేఖాంశాలతో వెతకడం మేలు.

నాణ్యత విషయానికొస్తే కేంద్ర మండలి నమూనాలు సాధారణంగా ఏడాదికొకసారి, వానలకు ముందు తీస్తారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 మి.గ్రా./లీ. మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 మించకూడదు. పక్క ఊరి బావి ఫలితాన్ని మీ బోరుకు అన్వయించుకోవద్దు. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ అర కిలోమీటరు దూరంలోనే రెట్టింపు కావచ్చు.

ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఎన్‌జీఆర్‌ఐ

ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్‌లోని భూగర్భ జల అవకాశాల మ్యాపులు తాగునీటి మిషన్ కోసం తయారైనవి. రాయి, భూరూపం, పగుళ్లు, నీటి వనరులు అన్నీ కలిపి ఒక్కో ముక్కకు ఏ రకం బావి, ఎంత లోతు, సుమారు ఎంత దిగుబడి, రీఛార్జి కట్టడానికి అనువేనా అని రాసి ఉంటుంది. గ్రామ స్థాయిలో ఇంకుడు చెరువులు, చెక్‌డ్యాములు ఎక్కడ కట్టాలో చూసేవాళ్లకు ఇంతకంటే సులువైన మ్యాపు లేదు. లోతు, దిగుబడి అంకెలు మాత్రం ఒక శ్రేణిగా ఉంటాయి. ఆ శ్రేణిలో పై అంకెను పట్టుకుని మోటారు కొనేవాళ్లే ఎక్కువ! కార్టోశాట్ ఉపగ్రహ ఎత్తు డేటా 30 మీటర్ల గడితో దొరుకుతుంది. వాగుల పరీవాహకం గీయడానికి అది చాలు, చేనులో నీటి వాలు చూడటానికి చాలదు.

ఎన్‌జీఆర్‌ఐ దగ్గరికి రెడీమేడ్ మ్యాపు కోసం వెళ్లేవాళ్లు నిరాశ పడతారు. అది పరిశోధనా సంస్థ. దాని విలువ వేరే చోట ఉంది: మన గ్రానైట్ నేల లోపల ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి. ఫ్రెంచ్ జియలాజికల్ సర్వేతో కలిసి హైదరాబాద్ శివారులోని మహేశ్వరం పరీవాహకంలో, దాదాపు 53 చదరపు కిలోమీటర్ల మేర ఏళ్ల తరబడి చేసిన పని అందుకు మంచి ఉదాహరణ. పైన శిథిల పొర, దాని కింద పగుళ్ల పొర, ఆ కింద దాదాపు గట్టి రాయి. నీటిని మోసే పగుళ్లు లోతు పెరిగేకొద్దీ పలచబడి, అక్కడ 40 మీటర్ల లోపే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అన్ని చోట్లా అదే అంకె రాదు. అయినా వెయ్యి అడుగులు దించితే నీళ్లు పడతాయన్న నమ్మకానికి ఈ రాతిలో ఆధారం లేదు. చాలాచోట్ల అంత లోతున దొరికేది ఒక పెద్ద పగులు తగిలే అదృష్టమే.

ఐబీఎం, ఏఎండీ, గనుల శాఖ

వ్యాపార లెక్కలకు ఐబీఎం. అయిదేళ్లకోసారి జాతీయ ఖనిజ నిల్వల పట్టిక, ఏటా ఇయర్‌బుక్, నెలనెలా రాష్ట్రాలవారీ సగటు అమ్మకపు ధరలు. వేలంలో ప్రీమియం లెక్క కట్టేది ఈ సగటు ధర మీదే కాబట్టి బిడ్ వేసేవాళ్లు ముందు దీన్నే చదవాలి. గ్రానైట్, కంకర, ఇసుక చిన్నతరహా ఖనిజాలు. వాటి సమాచారం రాష్ట్ర గనుల శాఖ దగ్గరే. బెరైటీస్, ఫెల్స్‌పార్, మైకా, క్వార్ట్జ్‌లను 2015లో చిన్నతరహా జాబితాలో చేర్చి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి తెచ్చారు. మంగంపేట బెరైటీస్ మీదో గూడూరు మైకా మీదో ఉత్పత్తి వరుస తయారుచేసేవాళ్లు మధ్య పదేళ్లకు రాష్ట్ర శాఖ లెక్కలు తెచ్చుకోవాలి. ఆ అతుకు ఉన్నచోట గ్రాఫులో గీత గీసి చూపించండి.

ఏఎండీ యురేనియం, బీచ్ శాండ్ లాంటి అణు ఖనిజాల సంస్థ. వివరమైన డేటా బయటికి రాదు. తీరప్రాంతంలో ఖనిజ ఇసుక మీద పని చేసేవాళ్లు నియంత్రణ నిబంధనలు ముందే చూసుకోవడం మినహా ఇక్కడి నుంచి పెద్దగా ఆశించనక్కర్లేదు.

ఎవరికి ఏది

*ఒక్క బోరు వేయించాలనుకునే రైతుకు:* ఈ వరుసలో వెళ్లండి. ముందు మీ చుట్టూ అర కిలోమీటరులోని బోర్ల లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు పడింది, నీళ్లు ఎక్కడ తగిలాయి అడిగి రాసుకోండి. కేసింగ్ పొడవే దాదాపుగా శిథిల పొర మందం. ఏ పోర్టల్‌లోనూ ఇంత మంచి సమాచారం లేదు. తర్వాత జీఎస్‌ఐ మ్యాపులో డైకులు, భువన్ మ్యాపులో భూరూపం చూడండి. ఆపైన రాష్ట్ర శాఖ జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (నేలలో కడ్డీలు పాతి కరెంటు పంపి అడుగు పొరలను అంచనా వేయడం). సర్వేలో బయటి రెండు కడ్డీల మధ్య దూరంలో మూడో వంతుకు మించిన లోతు సమాచారం ఆశించకూడదు. 60 మీటర్లు చూడాలంటే కనీసం 200 మీటర్ల వైరు ఇంచుమించు తిన్నగా పరవాలి. యాభై మీటర్ల వైరుతో నాలుగొందల అడుగుల జాతకం చెప్పేవారిని పంపించేయండి. కరెంటు లైను, ఇనుప కంచె, నేలలో పైపు పక్కన ఉంటే రీడింగు చెడుతుంది. సన్నటి లోతు పగుళ్లను ఈ పద్ధతి పట్టలేదు. శిథిల పొర మందాన్ని మాత్రం బాగా చెబుతుంది. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయకూడదు. పాయింట్ పెట్టక ముందే టేపు పట్టండి.

*పరిశ్రమకో, వెంచర్‌కో నీటి నివేదిక రాసే కన్సల్టెంటుకు:* వర్గీకరణకు సీజీడబ్ల్యూబీ తాజా అంచనా, నెలవారీ మట్టాలకు రాష్ట్ర శాఖ. తెలుగు రాష్ట్రాల్లో అనుమతి రాష్ట్ర వ్యవస్థ ద్వారానే నడుస్తుంది, కేంద్ర భూగర్భ జల అథారిటీ ఎన్‌వోసీ నమూనాను కాపీ చేసి పెడితే ఫైలు వెనక్కి వస్తుంది. నీటి నిల్వ లెక్కలో బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైట్‌కు స్పెసిఫిక్ ఈల్డ్ (ఆ పొర ఘనపరిమాణంలో బయటికి వచ్చే నీటి వంతు) 3 శాతం దగ్గర తీసుకుంటారు. ఒక హెక్టారులో మట్టం ఒక మీటరు పెరిగితే వచ్చేది 300 ఘనపు మీటర్లు. మీ నివేదికలో అంతకు మూడింతలు వచ్చిందంటే ఒండ్రు నేల అంకె రాతినేలకు వాడేసి ఉంటారు.

*పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు:* డేటా ఎక్కువ, సొంత పని తక్కువ అయ్యే ప్రమాదం మీకే. జీఎస్‌ఐ రసాయన డేటాను ఆధారంగా పెట్టుకుని, కనీసం ఒక చిన్న పరీవాహకంలో బావుల మట్టాలు, నీటి నమూనాలు మీరే తీయండి. పోర్టల్ మట్టాలు నేల నుంచి లోతుగా ఉంటాయి. నీరు ఎటు పారుతుందో గీయాలంటే ప్రతి బావి దగ్గరా నేల ఎత్తు కావాలి. 30 మీటర్ల గడి ఎత్తు డేటాలోని పొరపాటు కొన్ని మీటర్లు, చాలాచోట్ల బావుల మధ్య మట్టాల తేడా కూడా అంతే. పొలంలో డీజీపీఎస్ (ఎత్తును కచ్చితంగా కొలిచే జీపీఎస్) పెట్టలేకపోతే దిశ బాణాలు గీయకపోవడమే నిజాయితీ.

*గని మీద పెట్టుబడి పెట్టేవాళ్లకు:* జీఎస్‌ఐ నివేదికలో అన్వేషణ ఏ దశలో ఆగిందో మొదట చూడండి. జీ4 అంటే ప్రాథమిక పరిశీలన, జీ1 అంటే వివరమైన అన్వేషణ. కాంపోజిట్ లైసెన్సు (ముందు అన్వేషణకు, తర్వాత తవ్వకానికి) వేలానికి జీ4 సరిపోతుంది. అంటే ఖనిజం ఉందో లేదో తేల్చే డ్రిల్లింగ్ ఖర్చు పెట్టాల్సింది మీరే. మైనింగ్ లీజుకు సాధారణంగా జీ2 స్థాయి కావాలి. నివేదికలోని టన్నుల అంకెను ముట్టుకునే ముందు డ్రిల్ రంధ్రాలు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత, నమూనాల్లో ఎన్నిటిని రెండో ల్యాబులో సరిచూశారు అన్న మూడు విషయాలు రాసుకోండి. రంధ్రాలు మూడో నాలుగో ఉండి టన్నులు కోట్లలో కనిపిస్తే, ఆ అంకె రెండు రంధ్రాల మధ్య ఖాళీని ఊహతో నింపగా వచ్చింది. బిడ్ మొత్తాన్ని దాని మీద నిలబెట్టవద్దు.